సైలెన్సర్ అన్నందుకు

పోయిన శనివారం కారు కింద ఏదో ఊడి రోడ్డుకు రాసుకుంటూ వస్తుంటే గ్యారేజీకి తీసుకెళ్ళాను. ఎడ్మంటన్‌లో ఐదారు చలికాలాలు తిరిగిన కారు ఏదైనా అంతే. మంచు కరగడానికి చల్లే ఉప్పు కిందనున్న ఇనుమునంతా తినేస్తుంది. ఏమైందని మెకానిక్ అడిగాడు. "సైలెన్సర్ పోయినట్టుంది" అన్నాను. ఆ మనిషి చేతిలో పని ఆపి నా వంక చూశాడు. "మఫ్లర్ అంటున్నావా?" అన్నాడు. అవునవును, మఫ్లరే అన్నాను. "సైలెన్సర్ అంటే ఇక్కడ తుపాకీకి పెట్టేది. ఇంకెక్కడా అనకు" అని నవ్వి, మళ్ళీ కారు కిందికి దూరాడు.

నవ్వుకోవాల్సిన సంగతే. నేను మాత్రం అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాను. ఏడేళ్ళుగా ఈ దేశంలో ఉన్నాను. డిక్కీని ట్రంక్ అంటాను, పెట్రోలుని గ్యాస్ అంటాను. ఈ ఒక్క మాట మారకుండా నా నోట్లోనే ఉండిపోయింది. ఉండీ ఏం లాభం? రావాల్సిన రోజున రాలేదు.

ఆయన పేరు రాయను. నేను 'అన్నా' అనేవాణ్ణి, ఆయన 'ఏమప్పా' అనేవాడు, రెండేళ్ళు అలాగే గడిచిపోయాయి. ఆయనది అనంతపురం జిల్లా, నాది ఖమ్మం. మిల్‌వుడ్స్‌లో ఒక బేస్‌మెంట్‌ని ఇద్దరం పంచుకున్నాం. పంచుకోవడమంటే, వారంలో ఐదున్నర రోజులు నేనొక్కణ్ణే, ఒకటిన్నర రోజు ఆయన కూడా. మిగతా రోజులు ఊరికి గంటన్నర దూరంలో ఒక గొర్రెల ఫారంలో, వాళ్ళిచ్చిన ట్రెయిలర్ ఇంట్లో ఉండేవాడు. శనివారం మధ్యాహ్నం వచ్చేవాడు. మెట్లు దిగుతూనే గట్టిగా మాట్లాడుతూ వచ్చేవాడు. పైన ఉండే పంజాబీ ఆంటీ మొదట్లో మేమిద్దరం కొట్టుకుంటున్నామనుకుంది.

కొట్టుకోవడం కాదు, చెవుడు. నలభై ఒక్క ఏళ్ళకే ఎడమ చెవి దాదాపు పోయింది. కుడిచెవి ఇంకా కొంత మిగిలి ఉండేది. ఎక్కడ కూర్చున్నా మనం ఆయనకు కుడివైపున ఉండాలి. లేకపోతే మన మోకాలు పట్టుకుని అటు జరిపేవాడు. బస్సులో తెలియనివాళ్ళను కూడా ఒకసారి అలాగే జరిపాడు, వాళ్ళు లేచి వేరే సీటుకు పోయారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయనకేం పట్టలేదు.

ఫారంలో ఆయన పని గొర్రెల్ని కయోటీల నుంచి కాయడం. కయోటీ అంటే నక్కకూ తోడేలుకూ మధ్యరకం. మార్చి, ఏప్రిల్ నెలల్లో గొర్రెలు ఈనే కాలంలో, పుట్టిన పిల్ల ఒంటి తడి ఆరకముందే నోట కరుచుకుపోతుంది. ఊళ్ళో వీళ్ళ మేనమామకు వేరుశనగ చేలుండేవట. అడవిపందుల మీదికి మేనమామ నాటు తుపాకీ పేలుస్తుంటే పక్కన నిలబడి పెరిగాడు. ఇక్కడ పరీక్ష రాసి లైసెన్స్ తెచ్చుకున్నాడు. తుపాకీ లైసెన్సుని ఇక్కడ పాల్ అంటారు. "పాల్ వచ్చింది" అని భార్యకు ఫోన్ చేస్తే, ఆవిడ "ఎన్ని లీటర్లు?" అందట. ఈ ముక్క నాకు ఇరవైసార్లు చెప్పి ఉంటాడు. ప్రతిసారీ మొదటిసారి చెప్పినట్టే నవ్వేవాడు.

ట్రక్కు క్యాబిన్‌లో అడ్డం రాకుండా ఉంటుందని పొట్టి బారెల్ రైఫిల్ కొన్నాడు. చెవులు పోయింది దానివల్లే. బారెల్ ఎంత పొట్టిదైతే పేలుడు మొహానికి అంత దగ్గర. ఇయర్ మఫ్స్ పెట్టుకోమని నేను నెత్తీనోరూ కొట్టుకున్నాను. పెట్టుకుంటే కయోటీ కంచె దాటే చప్పుడు వినపడదనేవాడు. పేలుడుని ఆపి, మామూలు చప్పుళ్ళని వదిలే ఎలక్ట్రానిక్‌వి తెప్పించాం. మైనస్ ముప్ఫైలో వాటి బ్యాటరీ అరగంటకు చచ్చిపోయేది. కింద ఊలు టోపీ లేకపోతే చెవులు గడ్డకడతాయి, టోపీ ఉంటే మఫ్స్ ఆనవు. చివరికి అవి ట్రెయిలర్‌లో మేకుకి వేలాడుతూ ఉండిపోయాయి.

తుపాకీ పేలాక చెవిలో మొదలయ్యే మోతకు ఆయన పెట్టిన పేరు కుక్కర్. శనివారం వచ్చీరాగానే "కుక్కర్ ఆన్‌లోనే ఉందప్పా, గురువారం నుంచి దింపల్యా" అనేవాడు. తలని ఒకవైపు వంచి, నీళ్ళు పోయినట్టు అరచేత్తో కొట్టుకునేవాడు. జేబులో ఒక ఖాళీ తూటా గుల్ల ఉండేది. దాని అంచు మీద పెదవులానించి ఊదితే సన్నగా కూత వచ్చేది. ప్రతి ఆదివారం పొద్దున పళ్ళు తోముకోగానే అది పరీక్ష.

"వినపడిందా?"

"పడిందన్నా."

"నాకు రోంత పడింది."

రెండో ఏడు చలికాలంలో ఒక ఆదివారం ఊదాడు, ఆగాడు, మళ్ళీ ఊదాడు. నన్ను అడగలేదు. గుల్లని సింకు పక్కన పెట్టి పొయ్యి వెలిగించుకున్నాడు.

ముందు పోయింది 'స'. తర్వాత 'శ', 'ష'. వాళ్ళమ్మాయి ఫోన్‌లో సైన్స్ పరీక్ష గురించి చెబుతుంటే "ఐన్ అంటాంది, ఏందప్పా అది?" అని నావైపు తిరిగేవాడు. అమ్మాయికి పన్నెండేళ్ళు. ఆదివారం సాయంత్రం, వాళ్ళకు సోమవారం పొద్దున, బడికి పోయేముందు మాట్లాడేది. స్పీకర్ పెట్టి ఫోన్‌ని మా ఇద్దరి మధ్యా పెట్టేవాడు. ఆ పిల్ల అన్నది నేను ఆయన కుడిచెవి దగ్గర మళ్ళీ చెప్పాలి. నన్ను చిన్నాన్నా అనేది. "ఒక్కో గుండుకి ఒక్కో మాట పోతాందప్పా" అన్నాడొకసారి ఫోన్ పెట్టేశాక. "వాళ్ళు వచ్చేటప్పటికి ఎన్ని మిగుల్తాయో."

వాళ్ళు రావడం, అదొక్కటే ఆయన లెక్క. ఆ ఫారంలో తప్ప ఇంకెక్కడా పని చేయడానికి వీల్లేని క్లోజ్డ్ వర్క్ పర్మిట్ మీద ఉన్నాడు. ఆ ఓనరు సంతకం మీదే పీఆర్‌కి, అంటే ఇక్కడే ఉండిపోవడానికిచ్చే కాగితానికి, అప్లై చేశాడు. అది వస్తే భార్య, కూతురు వస్తారు. చెవులు పోతున్నాయని ఓనరుకి తెలిస్తే పని పోతుంది. పని చేస్తే చెవులు పోతాయి. ఈ రెంటి మధ్యా నలుగుతున్న మనిషికి ఒకరోజు ఫోన్‌లో సైలెన్సర్ కనపడింది.

తుపాకీ మూతికి బిగించే గొట్టం. అమెరికాలో చాలాచోట్ల కాగితాలు పెట్టి కొనుక్కోవచ్చు. ఇక్కడ దగ్గరుంచుకుంటేనే నేరం. ఆ ముక్క నేను చెప్పాను.

"తెలుసులేప్పా. చూస్తే కేసా?"

చూడటం మొదలుపెట్టాడు. ఆదివారం చపాతీలు చేయడం అయ్యాక, కింద అక్షరాలు పడే వీడియోలు పెట్టుకుని కూర్చునేవాడు. లాంగ్ నోట్‌బుక్‌లో గళ్ళు గీసి పొడవు, బరువు, ఏ లోహం అన్నీ ఎక్కించేవాడు. మనవాళ్ళు పేజీ పైన శ్రీ రాసుకునే చోట ఆయన ప్రతి పేజీలో తెలుగులో ఒకటే వాక్యం రాసేవాడు: 'ఇది మనకు లేదు, ఊరికే చూసేది.' తర్వాత నన్ను కూర్చోబెట్టేవాడు.

"పొడుగుది పెడితే శబ్దం బాగా మింగుతాది. కానీ పొట్టి తుపాకీ ఎందుకు కొన్న్యా మరి? మళ్ళా పొడుగైపాయె కదా. ట్రక్కు డోర్‌కు తగుల్తాది."

"అయితే పొట్టిది పెట్టన్నా."

"పొట్టి బారెల్‌లో మందు పూర్తిగా కాలకుండానే బయటికొస్తాది. ఆ మంటని చిన్న డబ్బా తట్టుకోదు. గట్టి ఉక్కుదైతే తట్టుకుంటాది."

"ఉక్కుదే పెట్టు."

"మూతి బరువైతే చెయ్యి వణుకుతాది కదప్పా."

కూతురికి సంబంధాలు చూసే తండ్రిలా ప్రతిదానికీ ఒక వంక. ఒకటి బరువు, ఒకటి పొడుగు, ఒకటి బిగించడం కష్టం. నాకు విసుగొచ్చి "కొనేదా పెట్టేదా, ఏదో ఒకటి అనుకో అన్నా" అనేవాణ్ణి. పదకొండు నెలల తర్వాత ఒకటి ఖాయం చేశాడు. తేలిక లోహమే, లోపల మంట తగిలే మొదటి గది మాత్రం ఉక్కుతో చేసిన మధ్యరకం. దాని చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టాడు. ఆరోజు ఎంత సంతోషంగా ఉన్నాడంటే, నిజంగా పెట్టుకుని పేల్చి వచ్చినట్టే ఉన్నాడు. నాకూ సంతోషమే వేసింది. అంతలోనే ఏడుపొచ్చింది.

నెల తిరక్కుండా మార్చిలో, శనివారం వస్తుంటే హైవే మీద ఆయన పాత కారు సైలెన్సర్ ఊడి పడిపోయింది. చూశారా, ఇప్పుడు కూడా అదే మాట రాశాను. ఆదివారం పొద్దున పాత కార్లు విప్పి అమ్మే యార్డు నుంచి ఇంకొకటి తెచ్చి, ఇంటి ముందు మంచులో వెల్లకిలా పడుకుని తనే బిగిస్తున్నాడు. గొర్రెలు ఈనే కాలం కాబట్టి ఆ ఆదివారం మధ్యాహ్నానికే ఫారంలో ఉండాల్సిన మనిషి. లేచి, నూనె చేతుల్తోనే ఓనరుకి మెసేజ్ పెట్టాడు. 'సర్, ఓల్డ్ సైలెన్సర్ ఫినిష్డ్. న్యూ సైలెన్సర్ కేమ్. ఫిట్టింగ్ అండ్ కమింగ్.'

ఇందులో కారు అన్న మాట లేదు. మనకు అక్కర్లేదు. స్కూటర్ మీద ఎక్కి కాలు కాల్చుకున్న పిల్లవాడికి కూడా తెలుసు సైలెన్సర్ అంటే ఏమిటో. ఆ ఓనరుకి మాత్రం తన ఫారంలో తుపాకీ పట్టుకు తిరిగే మనిషి, ఇదివరకోసారి ఇక్కడ సైలెన్సర్లు ఎందుకు అమ్మరని అడిగిన మనిషి, కొత్తది బిగించుకు వస్తున్నానని రాశాడు. చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. పోలీసులకు ఫోన్ చేశాడు.

మూడింటికి, బిగించడం అయ్యి ఆయన బయల్దేరబోతుంటే, ఇద్దరొచ్చారు. మాట్లాడింది ఒక ఆఫీసరమ్మ, చాలా మర్యాదగా మాట్లాడింది. రైఫిల్‌ని ఫారంలోనే స్వాధీనం చేసుకున్నారట. ఆమె ఆయనకు ఎడమవైపు నిలబడింది. ఆమెను మోకాలు పట్టుకుని జరపలేడు కదా. మాట సగం వినపడీ సగం వినపడక "కార్! కార్ సైలెన్సర్!" అని అరిచాడు. చెవిటివాళ్ళ అరుపు తెలియనివాళ్ళకు కోపంలా ఉంటుంది. రెండో పోలీసు ఒక అడుగు ముందుకు వేశాడు. అది చూసి ఈయన ఇంకా కంగారుపడి, లోపలికి పోయి నోట్‌బుక్ పట్టుకొచ్చాడు. తనకు చట్టం తెలుసని, కొనలేదని, ఊరికే చూశానని చూపించడానికి. తనంతట తనే తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె పేజీలు తిప్పింది. పొట్టి బారెల్ రైఫిల్ బొమ్మ, దాని మూతికి గొట్టాలు, కొలతలు, ఎర్ర సున్నా. నావైపు తిరిగింది.

"మీరూ ఆయనా ఒకే ప్రాంతం కదా. మీవైపు కారు మఫ్లర్‌ని సైలెన్సర్ అంటారా?"

అవునండీ. అంతే చెప్పాలి. ఒక్క మాట. నా పీఆర్ ఫైలు కూడా అప్పుడింకా తేలకుండా ఆఫీసులోనే ఉంది. పోలీసుల కాగితంలో నా పేరు, తుపాకీ, సైలెన్సర్ ఒకచోట పడతాయేమోనని భయపడ్డాను. నోటికి వచ్చింది ఇది:

"మా రాష్ట్రాలు వేరండీ. ఆయనది ఆంధ్రా, నాది తెలంగాణ. వాళ్ళవైపు ఏమంటారో నాకు తెలీదు."

ఇంట్లో సరదాకి ఎన్నిసార్లో అనుకున్న మాటే. మీ పప్పులో పులుపెక్కువ, మా దాంట్లో కారమెక్కువ, మా రాష్ట్రం వేరు అని. ఆ ముక్కని పోలీసు ముందు పెట్టి దాని వెనక దాక్కున్నాను. ఆమె తలూపి రాసుకుంది. తర్వాత నోట్‌బుక్ నా ముందు పెట్టి, పేజీ పైన ఉన్న తెలుగు వాక్యం మీద వేలు ఉంచింది.

"ప్రతి పేజీలో ఇదే ఉంది. ఏమని రాశాడు?"

వేరే రాష్ట్రం అనేశాను కదా, ఇప్పుడు చదివితే ఇద్దరిదీ ఒకే భాషని తేలి, తెలీదన్న మాట అబద్ధమైపోతుంది. నేను బడిలో దిద్దుకున్న అక్షరాలే. గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్నాయి.

"నేనిది చదవలేనండీ" అన్నాను.

ఆయన నా పెదవులనే చూస్తున్నాడు. ఇంగ్లీషు పెదవులు ఆయనకు తెలియవు. నేను ఏదో చెబుతున్నానని, ఆమె రాసుకుంటోందని మాత్రం కనపడింది. నెమ్మదించాడు. నాకేసి చూసి నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను తినేస్తోంది.

వాళ్ళు బయటికి పోయి కారు కింద టార్చి వేసి చూశారు, ఫొటోలు తీసుకున్నారు, నోట్‌బుక్ తీసుకుని వెళ్ళారు. తలుపు వేశాక నా భుజం మీద చెయ్యి వేశాడు.

"అంతా చెప్పినావు కదప్పా?"

"చెప్పానన్నా."

"మేలు. నువ్వుంటివి కాబట్టి సరిపాయె. నేనొక్కణ్ణే అయింటే అరుస్తా కూర్చుందును."

కేసు కాలేదు. కారు సైలెన్సర్ కారుకే ఉంది, కేసు పెట్టడానికి ఏమీ లేదు. కాకపోతే విచారణ ముగిసేదాకా లైసెన్స్ ఆపుతున్నామని ఉత్తరం వచ్చింది. గొర్రెలు ఈనుతున్నాయి, కయోటీలు ఆగవు. ఓనరు రెండు వారాలు చూసి వేరే మనిషిని పెట్టుకున్నాడు. ఆ పనితోపాటే పర్మిట్ ఉన్నా పనికిరానిదైంది, ఆయన పీఆర్ ఫైలు కూడా పోయింది. నేను అవునని ఉంటే ఇదంతా ఆగేదా? ఏమో. నోట్‌బుక్ చూసినవాళ్ళు అప్పటికే అనుమానపడ్డారని, నా మాటతో ఏదీ మారేది కాదని మా ఆవిడ అంటుంది. ఆవిడ అప్పుడు లేదు. ఆ నవ్వు చూడలేదు.

ఇంకో ఫారం దొరికితే కొత్త పర్మిట్ వేయొచ్చు. ఆయన తరఫున ఫోన్లు నేనే చేశాను, ఆయనకు వినపడదు కదా. ఎన్ని ఫారాలో లెక్కలేదు. పాత చోట ఎందుకు మానేశారని ప్రతివాళ్ళూ అడిగేవారు. నిజం చెబితే ఫోన్ పెట్టేసేవారు. నేను నీళ్ళు నమిలితే ఇంకా తొందరగా పెట్టేసేవారు. ఆయన పక్కన కూర్చుని నా మొహం చూసి జవాబు తెలుసుకునేవాడు. "పోనీలేప్పా, ఇంగొకటి చూడు" అనేవాడు. మే నెలకి ఆ మాట కూడా అనడం మానేశాడు. గడ్డం గీసుకోవడం మానేశాడు. వండినది ముందు పెడితే తినేవాడు, లేకపోతే లేదు.

నిజం చెప్పేద్దామని రెండుసార్లు పోలీస్ స్టేషన్ దాకా వెళ్ళాను. రెండోసారి తలుపు పిడి మీద చెయ్యి కూడా వేశాను. అప్పుడెందుకు అబద్ధం చెప్పావని అడిగితే? వెనక్కి వచ్చి బస్టాపులో కూర్చున్నాను. జూన్‌లో నా పీఆర్ వచ్చింది. ఎక్కడికీ కదలని మనిషి బస్సెక్కి పోయి మైసూర్‌పాక్ తెచ్చాడు. తనే విరిచి నా నోట్లో పెట్టాడు. మింగాను, ఏం చేయను.

ఆగస్టు చివరికి ఆ పర్మిట్ గడువు కూడా తీరి, ఆయన ఈ దేశంలో ఉండటానికి కాగితమేదీ మిగల్లేదు. టికెట్ తీసుకున్నాక, ఆదివారం సాయంత్రం ఏడింటికి వాళ్ళమ్మాయికి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు. ఫోన్ ఎప్పటిలాగే మా ఇద్దరి మధ్యా ఉంది. వాళ్ళిక ఇక్కడికి రావడం లేదని, తనే వచ్చేస్తున్నానని చెప్పాడు. గట్టిగానే చెప్పాడు, ఆయనకు మెల్లగా చెప్పడం రాదు.

"ఒక మాట తప్పుగా రాసినా తల్లీ. మీ చిన్నాన్న వాళ్ళకు అంతా చెప్పినాడు, మనవైపు అట్లే అంటారని. చదివి కూడా చూపిచ్చినాడు. అయినా వాళ్ళు నమ్మల్యా. ఏం చేసేది."

అటువైపు నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది. తర్వాత ఆ పిల్ల స్పష్టంగా, ఒక్కో మాటా విడివిడిగా అంది: "చిన్నాన్నకు థ్యాంక్స్ చెప్పు నాన్నా. ఆయనొక్కడే కదా నీ తరఫున మాట్లాడింది."

ఆయనకు వినపడలేదు. కుడిచెవి నావైపు వంచాడు.

"ఏమంటాందప్పా?"

నోటికి వచ్చింది ఇంకో అబద్ధం.

"తిన్నావా అని అడుగుతోందన్నా."

"తిన్న్యా తల్లీ, తిన్న్యా" అన్నాడు ఫోన్‌లోకి.

"నేనది అడగలేదు కదా చిన్నాన్నా" అంది ఆ పిల్ల.

ఆయన నా నోటి వంకే చూస్తున్నాడు.

"ఇంగేమంటాందప్పా?"